నాచారంలో ఇంటికో కుట్టు మిషను

ఉప్పల్ రింగు రోడ్డు నుంచి నాచారం దాకా ఉన్నంతమంది దర్జీలు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేరు! నేను నోటికొచ్చింది మాట్లాడటం లేదు. ఫొటోలున్నాయి. ప్రతి ఫొటోలో ఒక ఆడమనిషి, ఆమె ముందు ఒక కుట్టు మిషను, మిషను మీద ఆమె చెయ్యి. ఇంటికో మిషను. ఇంతటి పారిశ్రామిక విప్లవం మన కళ్ల ముందే జరిగిపోతుంటే మనం మెట్రో ఎక్కి ఫోన్లు చూసుకుంటూ వెళ్లిపోతున్నాం.

పేదల్ని పట్టించుకునే నాథుడు లేడని నిట్టూర్చేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఒక మంగళవారం పొద్దున మా బస్తీకి వచ్చి చూడండి. నల్లా రాకపోవచ్చు. చెత్తబండి రాకపోవచ్చు. గ్రూపు లోన్ల సురేష్ బండి మాత్రం రాక తప్పదు! మీ సొంత మేనమామ వారం వారం మీ ఇంటికొచ్చి మీ బాగోగులు కనుక్కుంటాడా? సురేష్ కనుక్కుంటాడు. మీరు ఇంట్లో లేకపోతే మీ కోసం గడప మీద కూర్చుని మరీ ఎదురుచూస్తాడు. మీ కిస్తీ చేతికొచ్చేదాకా గ్రూపులో మిగతా ఆడవాళ్లను కూడా పిలిచి మీ గడప మీదే కూర్చోబెడతాడు. ఉమ్మడి కుటుంబాలు పోయాయని బాధపడేవాళ్లు ఆ గడపను ఒక్కసారి చూస్తే ఊరట పొందుతారు.

పేదలకూ అప్పు అందించే ఈ పుణ్యకార్యాన్ని ఫైనాన్షియల్ ఇన్‌క్లూజన్ అంటారట. మా బస్తీలో మాత్రం “గ్రూపుల ఉన్నవా?” అంటారు. కంపెనీ పేరు నేను చెప్పను. చెబితే వాళ్లు సిగ్గుపడతారు, అంత నిరాడంబరులు.

ఈ కంపెనీ ఎవరికి పడితే వాళ్లకు అప్పివ్వదు. బాధ్యతగా ఇస్తుంది. ఇంట్లో ఎంతమంది, సంపాదించేది ఎవరు, తాగేది ఎవరు, ఫ్రిజ్ ఉందా, ఉంటే అందులో ఏమైనా ఉందా, అన్నీ అడుగుతుంది. పిల్లను చూడటానికొచ్చిన పెళ్లివారు కూడా ఇంత లోతుకు వెళ్లరు! అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇంకొకటుంది. అప్పు ఖర్చు పెట్టుకోవడానికి ఇవ్వరు, సంపాదించుకోవడానికే ఇస్తారు. ఎంత ఉదాత్తమైన ఆలోచన! జ్వరానికి అప్పిస్తే రేపు జ్వరం వచ్చి కిస్తీ కడుతుందా?

ఆ నియమం తెలియక మొదట తడబడింది కౌసల్యమ్మ. ఆమె హెచ్ఎంటీ నగర్‌లో నాలుగిళ్లలో పని చేస్తుంది. మొగుడు మేస్త్రీ పనిలో పరంజా మీది నుంచి పడ్డాడు.

“ఏం పని జేస్తరమ్మా?” అని అడిగాడు సురేష్.

“ఇండ్లల్ల పని సారూ. మా ఆయనకు కాలు ఇరిగింది. రాడ్ ఎయ్యాలన్నరు దవాఖానల.”

“గది గాదమ్మా. బిజినెస్ ఏంది?”

కౌసల్యమ్మ బిత్తరపోయింది. సురేష్ చేతిలో ఉన్న ట్యాబ్‌లో కిరాణా ఉంది, టైలరింగ్ ఉంది, కూరగాయల బండి ఉంది. కాలు లేదు. అప్పుడే పక్కింట్లోంచి టకటకమని మిషను చప్పుడు వినిపించింది. దేవుడు ఒక్కోసారి పక్కింట్లోంచే మాట్లాడతాడు.

“మిషన్ కుడ్త సారూ,” అంది కౌసల్యమ్మ.

ఆ విధంగా మా బస్తీలో విప్లవం మొదలైంది. మొగుడి కాలుకు రాడ్ పడింది, కౌసల్యమ్మ దర్జీ అయింది. ఆ తర్వాత పూర్ణిమకు గర్భసంచి ఆపరేషన్ చెయ్యాలన్నారు. పూర్ణిమ దర్జీ అయింది. గాలివానకు రేకులు ఎగిరిపోయి అన్నపూర్ణమ్మ దర్జీ అయింది. మనవరాలి నర్సింగ్ కాలేజీ ఫీజు కోసం రాజేశ్వరమ్మ కూడా దర్జీ అయింది. పాపం ఆమెకు సూది కనిపించదు, దారం కనిపించదు, ఎదురుగా ఉన్నది మిషనో గ్యాస్ పొయ్యో చేత్తో తడిమితే గానీ తెలియదు. అయినా ఫొటోలో ఎంత ఠీవిగా కూర్చుందనుకున్నారు!

ఇంతమందికి మిషన్లు ఎక్కడివి అని మీలో కొందరు శంకిస్తారు. మిషన్లు ఎందుకండీ? మిషను ఒకటుంటే చాలదా?

ఆ ఒక్క మిషనూ రుక్కమ్మది. వెరిఫికేషన్‌కు సురేష్ వస్తున్నాడని తెలియగానే ఇద్దరు ఆడవాళ్లు దాన్ని స్టాండుతో సహా ఎత్తి ఇంటింటికీ తిప్పేవాళ్లు. ఒక ఇంట్లో దానికి ఎర్ర గుడ్డ కప్పేవాళ్లు, ఇంకో ఇంట్లో బంతిపూల దండ వేసేవాళ్లు. పూర్ణిమ చెల్లెలి గ్రూపు కోసం అది షేర్ ఆటోలో రామంతాపూర్ కూడా వెళ్లొచ్చింది. ఆటో నడిపే దుర్గేష్ దానికి మనిషి కిరాయి తీసుకున్నాడు. అదేమంటే, మనిషైతే కాళ్లు ముడుచుకుంటడు, గిది ముడుచుకోదు గదా అన్నాడు.

సురేష్‌కు ఈ సంగతి తెలియదా అంటే, ఏం చెప్పమంటారు? అతనికి టార్గెట్ ఉంది. టార్గెట్ ఉన్న మనిషికి కొన్ని సంగతులు తెలియకపోవడమే ఆరోగ్యం. జనగామ వైపు ఊరి నుంచి వచ్చిన కుర్రాడు, చిల్కానగర్‌లో అద్దె గది, మంచివాడు. ఏ ఇంట్లో ఫొటో తీసినా, “జర నవ్వున్రి అమ్మా,” అని మాత్రం తప్పకుండా అనేవాడు.

ఇక రుక్కమ్మ గురించి చెప్పాలి. ఇంతమంది దర్జీల మధ్య ఆమె ఒక్కతే బట్టలు కుట్టేది. ఆలేరు దగ్గర ఊరు ఆమెది. మొగుడు లారీ మీద పోతాడు. అతను రావడం తక్కువ, అతని నుంచి డబ్బు రావడం ఇంకా తక్కువ. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మందుల కంపెనీలో గోలీల డబ్బాలు ప్యాక్ చేసే పని చాలాకాలం చేసింది. షిఫ్టంతా నిలబడే ఉండాలి. బాత్రూంకు పోవాలన్నా సూపర్‌వైజర్‌ను అడగాలి, అతను గడియారం చూసి తలూపాలి. ఒకరోజు అతను తలూపలేదు. ఆ రోజు జరిగింది ఆమె ఎవరికీ చెప్పలేదు. మర్నాడు పని మానేసి, చేతికొచ్చిన పీఎఫ్ డబ్బుతో ఆ మిషను కొనుక్కుంది. మా సందు మొదట్లో, కౌసల్యమ్మ ఇంటి పక్కనే, కొట్టు పెట్టుకోవడానికి ఒక చిన్న మడిగ కిరాయికి తీసుకుంది. కాపురమూ అక్కడే, కుట్టు పనీ అక్కడే. జాకెట్లు, ఫాల్సు, చిరిగిన స్కూలు బ్యాగులు, అల్లుడొస్తున్నాడంటే తలగడ గలీబులు, ఏదిచ్చినా కుట్టేది. ఎవరిని అడిగి బాత్రూంకు పోవాలన్న బెంగ లేకుండా కుట్టేది.

మిషను అడిగినవాళ్లకు మాత్రం లేదనలేకపోయేది. ఆమెకు జేబు కుట్టడం వచ్చు, కాలర్ కుట్టడం వచ్చు, లేదనడమే రాదు. “ఆయిల్ ఏసి పంపున్రి,” అని మాత్రం అనేది. మిషను ఊరేగింపుకు పోయిన రోజు మడిగలో కూర్చుని చేత్తో హుక్కులు కుట్టుకునేది. తను మాత్రం ఏ గ్రూపులోనూ చేరలేదు. ఈ మూర్ఖత్వాన్ని ఏమనాలి? చుట్టూ అంత ఫైనాన్షియల్ ఇన్‌క్లూజన్ పారుతుంటే ఒడ్డున కూర్చుని హుక్కులు కుట్టుకుంటుందా ఎవరైనా!

కానీ కిందటి ఎండాకాలం ఆమెకూ అవసరం వచ్చి పడింది. మా కాలనీలో చిన్న పిల్లల బడి ఒకటుంది. దాని పెద్ద పంతులమ్మ పద్మశ్రీ మేడం రుక్కమ్మ మడిగ ముందు స్కూటీ ఆపింది.

“రుక్కమ్మా, ఈసారి యూనిఫాంలన్నీ నీకే ఇద్దామనుకుంటున్న. గానీ లోపటి కుట్లకు ఓవర్‌లాక్ ఉండాలె. పోయినేడు పోగులు లేసి తల్లిదండ్రులు మస్తు లొల్లి జేసిన్రు. బళ్లు తెరిసేలోగా అయితదా?”

“అయితది మేడం,” అంది రుక్కమ్మ. ఓవర్‌లాక్ మిషను తన దగ్గర లేదని చెప్పలేదు. చెప్పానుగా, ఆమెకు లేదనడం రాదు.

ఆ ఆర్డరు కంటే ఆమెకు ఇంకేదీ ముఖ్యం కాదు. మడిగ కిరాయి అప్పటికే వెనకబడింది. రెడీమేడ్ జాకెట్లు వచ్చాక కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. యూనిఫాంలు దొరికితే మడిగ నిలుస్తుంది, ఏటేటా అదే పని ఉంటుంది. పోతే మడిగకు తాళం వేసి, మళ్లీ అదే మందుల కంపెనీ గేటు ముందు, అదే సూపర్‌వైజర్ ముందు నిలబడాలి. 

కాబట్టి రుక్కమ్మ జీవితంలో మొదటిసారి గ్రూపులో చేరింది. సురేష్ ట్యాబ్ పట్టుకుని మడిగలోకి వచ్చాడు.

“బిజినెస్ ఏందక్కా?”

“బట్టలు కుడ్త సారూ. ఓవర్‌లాక్ మిషన్ కొందామని.”

సురేష్ కింద గుడ్డముక్కలు చూశాడు. గోడకు వేలాడుతున్న కొలతల టేపు చూశాడు. దండెం మీద సగం కుట్టిన జాకెట్లు చూశాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. “అక్కా, నువ్వు నిజంగనే కుడ్తవా?”

పాపం, ఆ ఉద్యోగంలో చేరాక అతను దర్జీని చూడటం అదే మొదటిసారి!

మంచి వెలుతురులో ఫొటో తీశాడు. రుక్కమ్మ నవ్వింది కూడా. ఇక అప్పు రాకపోవడానికి కారణం ఏముంటుంది?

కారణం బెంగళూరు నుంచి వచ్చింది. కంపెనీ ఆ నెలలోనే అక్కడి నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నది. మనుషుల వేలిముద్రలు గుర్తుపట్టినట్టు అది వస్తువుల్ని గుర్తుపడుతుంది. రుక్కమ్మ మిషను బల్లకు ఒక మూల ఇస్త్రీ పెట్టె అంటుకుని కాలిన మచ్చ ఉంది. ఎర్ర గుడ్డ కప్పినా, బంతిపూలు వేసినా ఆ మూల బయటికే కనిపించేది. కంప్యూటర్ పాత ఫొటోలన్నీ తిరగేసి తీర్పు చెప్పింది. ఈ మిషను కౌసల్యమ్మది. ఇదే మిషను పూర్ణిమది. అన్నపూర్ణమ్మది. రాజేశ్వరమ్మది. రామంతాపూర్ చెల్లెలిది. అందరికంటే చివర ఫొటో దిగింది రుక్కమ్మ కాబట్టి, ఇది ఎవరిదైనా కావచ్చు గానీ రుక్కమ్మది మాత్రం కాదు. పరుల సొత్తు చూపించి అప్పు అడుగుతోంది కాబట్టి ఈమె మోసగత్తె.

చూశారా బాధ్యత అంటే! ఇంత నిష్పక్షపాతంగా మనుషులు తీర్పు చెప్పగలరా?

సురేష్ తలొంచుకుని వచ్చాడు. పై ఆఫీసువాళ్లు అడగమన్న ప్రశ్న అడిగాడు. మిషను రుక్కమ్మదేనా? ఆమెదే అయితే బిల్లు చూపించాలి. బిల్లు ఉంది, సూట్‌కేస్ అడుగున భద్రంగానే ఉంది. చూపిస్తే ఆమె అప్పు ఆమెకు వస్తుంది. కానీ అప్పుడు మిగతా ఆడవాళ్లందరూ దొంగ దర్జీలని తేలుతుంది. వాళ్లు తీసుకున్నదంతా ఒక్క దెబ్బకు కట్టమంటారు. కాలులో రాడ్డు, తీసేసిన గర్భసంచి, ఇంటి మీది రేకులు, సగం చదివిన నర్సింగ్, వీటిలో ఏది వెనక్కిచ్చి కట్టాలి?

కబురు అప్పటికే బస్తీలో పాకింది. ఆడవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి మడిగ మెట్ల మీద కూర్చున్నారు. ఎవరి గడప మీదనో కూర్చోవడం వాళ్లకు అలవాటే, కానీ ఆ రోజు ఎవరూ ఎవరి మొహం చూడలేదు. కౌసల్యమ్మ మొగుడు కూడా కర్ర పట్టుకుని వచ్చి దూరంగా నిలబడ్డాడు. చివరికి కౌసల్యమ్మే నోరు తెరిచింది.

“నీ మిషన్ నీదని చెప్పు రుక్కమ్మా. మా దిక్కు సూడకు. గింతకాలం నడిసింది, సాలు.”

రుక్కమ్మ మిషను పక్కనే నిలబడి ఉంది. చెయ్యి దాని మీదే ఉంది. పీఎఫ్ డబ్బుతో కొని, ఆటోలో ఒళ్లో పెట్టుకున్నంత పదిలంగా తెచ్చుకున్న మిషను. ఆమె జీవితంలో తనది అని చెప్పుకోగలిగింది అదొక్కటే.

“మిషన్ నాది గాదు సారూ,” అంది. “కౌసల్యక్కోళ్లంత కల్సి కొన్నది, అడిగి తెచ్చుకున్న.”

అనేసి లోపలికి వెళ్లి ఏడ్చింది. గట్టిగానే ఏడ్చింది, మడిగ చిన్నది కాబట్టి అందరికీ వినిపించింది. ఆ సమయంలో నేను మా ఇంట్లోవాళ్ల జాకెట్లు తీసుకోవడానికి వెళ్లి అక్కడే ఉన్నాను. నా కళ్లలోంచి కూడా నీళ్లు వచ్చాయి గానీ, నాచారంలో ఫ్యాక్టరీల పొగ ఎక్కువని మీకు తెలిసిందే.

ఇంతకీ కంపెనీ ఏం చేసిందో వినండి. తప్పు ఒప్పుకున్నందుకు ఆమె నిజాయితీని మెచ్చుకుంది! ఇలాంటి మనిషికి మరో అవకాశం ఇవ్వాలని నిర్ణయించింది. రెండు రోజుల తర్వాత సురేష్ మళ్లీ వచ్చాడు.

“అక్కా, టైలరింగుల నీకు లోన్ రాదు. డెయిరీల రాస్త. బర్రె ఉన్నదా?”

“నాకు బర్రె ఏడికెళ్లి వస్తది సారూ?”

“కౌసల్యమ్మకు మిషన్ ఏడికెళ్లి వచ్చింది?”

నాచారం పాత ఊరిలో బిక్షపతి మామ ఉంటాడు. తాతలనాటి పొలాలు ఫ్యాక్టరీల కింద పోయినా, పాడి మాత్రం వదల్లేదు. రెండు బర్రెలను ఇంటి వెనక కట్టేసుకుని, వాటి పాలు అపార్ట్‌మెంట్లకు పోస్తాడు. రుక్కమ్మ వెళ్లి అడిగితే పంచె ఎగ్గట్టుకుని లేచాడు.

“ఫొటోకే గదా బిడ్డా, దిగు. గానీ దాని ఎనక దిక్కు నిలబడకు. పరాయి మనిషైతే తంతది.”

రుక్కమ్మ బర్రె ముందు దిక్కున, మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి నిలబడింది. బర్రె ఆమె కొంగు నమలడం మొదలుపెట్టింది. “జర నవ్వున్రి,” అన్నాడు సురేష్. ఆ ఫొటోలో బర్రె బాగా పడింది. సాఫ్ట్‌వేర్ కూడా అభ్యంతరం చెప్పలేదు. కంప్యూటర్‌కు ఇంకా బర్రెలన్నీ ఒక్కలాగే నల్లగా కనిపిస్తాయట.

అప్పు వచ్చింది. ఆ డబ్బుతో రుక్కమ్మ సికింద్రాబాద్ వెళ్లి సెకండ్ హ్యాండ్ ఓవర్‌లాక్ మిషను తెచ్చుకుంది. ఎండల్లో, కరెంటు పోయినప్పుడు, చెమటలు కారుతుంటే, యూనిఫాంలన్నీ కుట్టింది. కౌసల్యమ్మ గుండీలు కుట్టింది, పూర్ణిమ ఇస్త్రీ చేసింది, రాజేశ్వరమ్మ కూడా నేనూ దర్జీనే గదా అంటూ వచ్చి కూర్చుని, కుట్టినవి మడతపెట్టింది. బళ్లు తెరిచే ముందు రోజు పద్మశ్రీ మేడం వచ్చి ఒక చొక్కా తిరగేసి, లోపలి కుట్లు చూసి, “మంచిగుంది,” అంది. రుక్కమ్మకు ఆ ఒక్క మాటతో కడుపు నిండింది. కిస్తీ ఒక్కటి కూడా తప్పలేదు. వెరిఫికేషన్‌కు వచ్చిన సురేష్ గరగరమని తిరుగుతున్న ఓవర్‌లాక్ మిషనును చూస్తూ ట్యాబ్‌లో, “బర్రె ఆరోగ్యంగా ఉంది, పాలు బాగా ఇస్తోంది,” అని నమోదు చేశాడు.

ఇంత మంచి పాలు కంపెనీ పెద్దాఫీసున్న బొంబాయి దాకా పారకుండా ఉంటాయా? కంపెనీ వార్షికోత్సవం ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. ఆదర్శ పాడి మహిళగా రుక్కమ్మను ఎంపిక చేశారు. శాలువా, పూలగుత్తి, దూడతో ఉన్న ఆవు బొమ్మ ఇచ్చారు. బర్రె బొమ్మ మార్కెట్లో దొరకలేదట. బస్తీ ఆడవాళ్లంతా ముందు వరసల్లో కూర్చున్నారు, కంపెనీవాళ్లు ఇచ్చిన ఒకే రంగు చీరల్లో. బొంబాయి నుంచి పెద్ద సారు వచ్చాడు. చాలా సాదాసీదా మనిషి, పేదల గురించి మాట్లాడుతున్నంతసేపూ చేతులు జోడించే ఉన్నాడు. తెలుగు మాత్రం ఒక్క ముక్క రాదు. సురేష్ పక్కన నిలబడి ఇటుది అటూ, అటుది ఇటూ చెబుతున్నాడు.

“అక్కా, ఇంకేం కావాల్నో మనసు ఇప్పి అడగమంటున్నడు సారు,” అన్నాడు.

రుక్కమ్మ మైకు తీసుకుంది. హాల్లో ఆమె వైపు చూస్తున్నవాళ్లలో కౌసల్యమ్మ ఉంది, పూర్ణిమ ఉంది, ఆ మిషనుతో ఫొటో దిగినవాళ్లంతా ఉన్నారు. ఎవరి పేరూ బయటికి రాకూడదు. అలాగని పాల గురించి మాట్లాడటానికి ఆమెకు నోరు రాలేదు. కాసేపు మైకును అటూ ఇటూ తిప్పింది.

“ఇంకేం వద్దు సారూ,” అంది. “అబద్ధం ఆడకుంట అప్పు పుట్టే జాగా ఏడన్న ఉంటె జర చెప్పున్రి. కాలు ఇరిగినోళ్లు కాలు ఇరిగిందనే చెప్పాలె. బట్టలు కుట్టేటోళ్లు కుడ్తమనే చెప్పాలె. గట్ల చెప్పినా ఇచ్చేటోళ్లు గావాలె. తీస్కున్నది మేం కడ్తనే ఉన్నం గదా సారూ. ఒక్కసారన్న మమ్ముల నిజం చెప్పనియ్యున్రి.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రాజేశ్వరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. పెద్ద సారు కళ్లు పెద్దవి చేసుకుని, ఆమె ఏమడిగిందో చెప్పమన్నట్టు సురేష్ వైపు తిరిగాడు.

సురేష్ రుక్కమ్మను చూశాడు. ముందు వరసల్లో ఉన్న చీరలన్నిటినీ చూశాడు. ఆ తర్వాత మైకు తీసుకుని, ఇంగ్లీషులో, మెల్లగా చెప్పాడు. ఇంకో బర్రె కావాలంటోంది సార్, అన్నాడు. అతన్ని తప్పు పట్టకండి. అతనికీ అద్దె గది ఉంది, గ్రూపులో అందరి ఫొటోలూ తీసింది అతనే.

పెద్ద సారు ఆనందం చూడాలి మీరు! లేచి నిలబడి, జోడించిన చేతులు విడదీసి చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాక హాలంతా కొట్టింది. అక్కడికక్కడే, స్టేజీ మీదే, రెండో బర్రె మంజూరు చేశాడు.

అందుకే చెబుతున్నాను, పేదవాళ్ల మాట వినేవాళ్లు లేరని ఇంకెప్పుడూ అనకండి. ఆ రోజు అంతమంది పెద్దలు కూర్చుని, ఒక మామూలు ఆడమనిషి మాట్లాడుతుంటే చివరిదాకా విన్నారు. విన్న వెంటనే మంజూరు కూడా చేశారు, ఆమె అడిగింది తప్ప.